నేను తుడిపేసిన గూడెం

వాపస్ తీసుకున్నరు. అడవిల గని తవ్వుతమని పెట్టుకున్న అర్జీ మొత్తానికి మొత్తం వాపస్ తీసుకున్నరు. ఇంకోటి సుత ఉంది. నా డిగ్రీ సర్టిఫికెట్, అసలుది, జిరాక్స్ కాదు, నా చేతికొచ్చింది. ఇది రాస్తుంటె ఎడమ చెయ్యి దాని మీదనే పెట్టుకున్న. ఫ్యాన్ గాలికి ఎగురుతదని కాదు, ఉత్తగనే.

ఏది ముందు చెప్పాల్నో సమజైతలేదు. రెండూ ఇయ్యాలనే అయినయి, పదకొండు గంటలకొకటి, పన్నెండున్నరకొకటి. స్టేషన్ కాడికెళ్లి సీతాఫల్‌మండి దాంక నడిచిన్నో ఉరికిన్నో యాదికి లేదు. మా అమ్మ తలుపు తీసి నా మొకం చూసి, "ఏందే, ఉద్యోగం పోయిందా?" అని అడిగింది.

"అది సుత పోయిందమ్మా," అన్న నవ్వుకుంట.

ఆమె నా నెత్తి మీద చెయ్యి పెట్టి జెరమొచ్చిందా అని చూసింది.

మా ఇంట్ల డిగ్రీ చేసింది నేనొక్కదాన్నే. మా నాయిన బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ల హమాలీ. లారీలకెళ్లి బస్తాలు దించుతడు. నేను ఆఖరు ఏడాది పరీక్షలు రాస్తున్నప్పుడే ఆయన ఫ్రేములు కట్టే దుకాణానికి పోయి, డిగ్రీ కాగితం ఎంత సైజుంటదో అడిగి ఫ్రేము చేయించుకొచ్చిండు. దేవుని ఫోటోల పక్కకు మొల కొట్టి తగిలేసిండు. రిజల్ట్ రాలే, సర్టిఫికెట్ రాలే, గోడ మీద ఉత్త అద్దం. ఇంటికొచ్చినోళ్లు దాంట్ల తొంగి చూసి, "గిదేం అద్దమే, మొకమే కనవడ్తలేదు," అంటుండె. "ఆగున్రి, వస్తది," అంటుండె మా నాయిన.

సర్టిఫికెట్ వచ్చింది. మంచి రోజు చూసి ఫ్రేముల పెడ్దమనుకున్నం. మంచి రోజు రాకముందే ఉద్యోగం వచ్చింది.

గప్పుడు ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల కాగితాలే. మాదాపూర్ దిక్కు అద్దాల బిల్డింగులు లేస్తున్నయి. నా ఇంగ్లీషుకు ఆ అద్దాలు తెరుసుకోలే. నాకు దొరికింది సికింద్రాబాద్ స్టేషన్‌కు నడిచి పోయేంత దూరంల, ఒక చెప్పుల షాపు మీద మూడో అంతస్తుల ఉన్న చిన్న కంపెనీ. పాత కాగితం మ్యాపులను కంప్యూటర్ల మౌసుతోని మళ్ల గీసే పని. కిటికీలకు నల్ల కాగితం అంటిచ్చిండ్రు, ఏసీ కోసం. ఎండనో వానో తెల్వది. లోపలికి పోయేటప్పుడు ఫోను, సంచి, ఆఖరికి పెన్ను సుత వాచ్‌మన్ కాడ పెట్టి పోవాలె.

ఇంకొకటి సుత పెట్టాలె. గా రోజులల్ల చిన్న కంపెనీలల్ల గదొక రివాజు. చేరిన రోజే టెన్త్ మెమో కాడికెళ్లి డిగ్రీ దాంక అన్ని ఒరిజినల్స్ తీసుకుంటరు. రెండేండ్లు పని చేస్తమని సంతకం చేయించుకుంటరు. పని నేర్చుకోని వేరే కాడికి పోకుండ. కంపెనీ నడిపే మా సారు నా కాగితాలన్నిటిని ఒక ఖాకీ కవర్ల పెట్టి, మీద నా పేరు రాసి, తన కుర్చీ ఎనకున్న ఇనుప బీరువాల పెట్టి తాళం వేసిండు. ఆయన కుర్చీ ఎనకకు జరిపినప్పుడల్ల బీరువాకు తగిలి టంగుమంటుండె. మేం ఎక్కడ కూసున్నా ఆ చప్పుడు ఇనవడ్తుండె.

మా నాయిన సముదాయించుకున్నడు. "రెండేండ్లే గద. కలర్ జిరాక్స్ పెడ్దం తియ్యి."

జిరాక్స్ దూరంకెళ్లి చూస్తె అసలుదాని లెక్కనే ఉంటది. దగ్గరకొస్తె యూనివర్సిటీ ముద్ర జెర నల్లగ, మసి అంటినట్టు కనవడ్తది. అందుకని ఎవరొచ్చినా మా నాయిన కుర్చీని గోడకు దూరంగ, తలుపు కాడ వేస్తుండె.

మా టీం లీడ్ శ్రీకాకుళం దిక్కు ఆమె. పెండ్లై ఇక్కడికి వచ్చి కాప్రాల ఉంటది. నేను అక్కా అనేదాన్ని. పని నేర్పింది ఆమెనే. వాగులు నీలం, బాటలు ఎరుపు, అడవి ఆకుపచ్చ. ప్రతి కంప్యూటర్ కింద రూల్స్ కాగితం అంటిచ్చి ఉండె. ఆరో రూలు: రెవెన్యూ లిస్టుల నంబరు లేని ఊరిని తీసెయ్యాలె. లిస్టుల లేని చుక్క ఒక్కటి మిగిలినా చెకింగ్ చేసేటోళ్లు తప్పు రాస్తరు. తప్పులు లేకుంటె మానిటర్ మీద స్టార్ అంటిస్తరు. నా మానిటర్ మీద మూడు స్టార్లుండె. ఇంట్ల చెప్తె మా నాయిన మార్కెట్ల చెప్పుకున్నడు.

ఒక అడవి షీటు వచ్చింది. ఎవరికోసమో, ఎందుకో మాకు చెప్పరు. మూడు వారాలు గీసిన. నేనెన్నడూ పోని అడవి, దాంట్ల వాగుల మలుపులు మా గల్లీల మలుపులకన్న బాగ వచ్చినయి నాకు. ఒక కాడ పెద్ద వాగుల చిన్న వాగు కలుస్తది. కలిసే ముందు కొడవలి లెక్క వంగుతది. ఆ వంపుల ఆరేడు నల్ల చుక్కలు. గుడిసెలన్నట్టు.

"అక్కా, ఇక్కడ గుడిసెలున్నయి."

"నంబరుందేటి?"

"లేదు. లిస్టుల లేదు."

"అయితే తీసీ. ఉంచావంటే నీ స్టారూ పోద్ది, నా ప్రాణమూ పోద్ది."

తీసేసిన. ఒక్కో చుక్కను పట్టుకోని నొక్కుడు, పోవుడు. ఆ షీటు మొత్తంల గట్ల నాలుగైదు కాడ తీసిన. నాలుగో స్టార్ వచ్చింది.

గూడేలకు రెవెన్యూ నంబరుండదని, అవి ఫారెస్టోళ్ల దఫ్తర్ల ఉంటయని గప్పుడు నాకు తెల్వది. అక్కకు తెల్వది. రూలు రాసినోళ్లకు తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెల్వది.

మా చిన్నాయన, మా నాయిన తమ్ముడు, ఆటో నడుపుతడు. ఒక పార్టీల తిరుగుతడు. మీటింగంటె షామియానా కట్టే కాడికెళ్లి మైకు ఇప్పే దాంక ఆయనే. ఒక ఆదివారం పొద్దుగాల వచ్చి, "నడువ్, నీతోని పనుంది," అన్నడు. పులుల కోసమని కాపాడుతున్న అడవిల గనికి పర్మిషన్ అడిగిండ్రట, దాని మీద లొల్లి షురూ అయింది, మీటింగ్ పెట్టిన్రు, కంపెనీ రిపోర్టు ఇంగ్లీషుల ఉంది, చదివి చెప్పనీకె మనిషి కావాలె. "ఎవల్నో ఎందుకు పిలుసుడు, మన బిడ్డనే ఉందిగద అని చెప్పిన," అన్నడు. మా నాయిన ఇస్త్రీ అంగీ వేసుకోని మా ముందే తయారైండు.

మా బస్తీల కమ్యూనిటీ హాలు ముందట షామియానా. మూడు పార్టీలోళ్లు ఒక్క షామియానా కింద కూసున్నది నేను గప్పుడే చూసిన. ఎవరి జెండా మధ్యల కట్టాల్నని గంట సేపు పంచాయితీ. ఆఖరికి మధ్యల ఎవరిదీ కట్టకుండ జాగ ఇడిసిపెట్టిన్రు. "గా మూడింట్ల ఒకళ్లు గనికి మొదట్ల సరే అన్నోళ్లే," అని చిన్నాయన నా చెవుల చెప్పిండు. "ఎవరు?" అన్న. "మా పార్టీ కాదులే," అన్నడు, నా దిక్కు చూడకుండ.

నా చేతుల మైకు పెట్టి, "మా అన్న బిడ్డ, డిగ్రీ, కంప్యూటర్ల పని చేస్తది," అని చెప్పిండు. చప్పట్లు కొట్టిన్రు. అందరికన్న ముందు కొట్టింది మా నాయిన. నేను కాగితాలు పట్టుకోని, ఎనక గోడకు అంటిచ్చిన రిపోర్టు మ్యాపు దిక్కు తిరిగిన.

నా మ్యాపు అది.

ఆ ఆకుపచ్చ నాది, ఆ నీలం నాది. కింద కుడి మూలకు గీసినోళ్ల కోడ్ నంబరు వెయ్యాలె, రూలు. నా నంబరే ఉంది. ఇంకెవరికీ అది ఏందో తెల్వది. మైకు చేతుల ఉంది, మందంత నా దిక్కే చూస్తున్నరు. చదువుకుంట పోయిన. ఒక్కో ముక్క తెలుగుల చెప్పుకుంట పోయిన. "గని పెట్టే జాగల మనుషులు ఉంటలేరు. ఊర్లు లేవు," అన్న కాడికొచ్చిన.

"బిడ్డా, అది మళ్లొక్కసారి చదువు."

ముందు వరుసల ఒక తాత లేసి నిలబడ్డడు. అడవికెళ్లి వచ్చినోడు, చిన్నాయనోళ్లే బస్సు ఎక్కించి తీసుకొచ్చిండ్రు. మళ్ల చదివిన. ఆయన మెల్లగ మ్యాపు కాడికొచ్చిండు.

"నాకు అచ్చరాలు రావు. పెద్ద వాగు ఏది?"

నీలం గీత చూపించిన.

"గీ పక్కది?"

"చిన్న వాగు, తాతా. దాంట్లనే కలుస్తది."

ఆయన వేలు ఆ గీత మీద నడుసుకుంట పోయింది. వంపు కాడ ఆగింది. నేను ఎక్కడ నొక్కిన్నో గక్కడ్నే. గోరంత తేడా లేదు.

"గిది మా గూడెం. నిన్న పొద్దుగాల గీడికెల్లే బస్సుకొచ్చిన. మరి నేనెక్కడికెళ్లి వచ్చినట్టు?"

అందరు నవ్విన్రు. ఆయన నవ్వలే. "ఎండు కట్టె ఏరినా గార్డు పట్టుకుంటడు, పులికి తక్లీఫ్ అంటడు. గని తవ్వితె పులి ఏమనుకోదా?" అన్నడు. చప్పట్లు మోగినయి. ఆయన మాత్రం నా దిక్కే చూస్తున్నడు. "కంప్యూటర్ల పని చేస్తవంటున్నరు గద బిడ్డా. మా గూడెం ఎవరు తీసేసిండ్రో జెర అడిగి చెప్తవా?"

"అడుగుత తాతా," అన్న.

గంతే అన్న. మైకు చిన్నాయనకు ఇచ్చి కిందికి దిగిన. ఇంటికి పోయే బాటంత మా నాయిన, "ఎంత బాగ చదివినవే, ఒక్క కాడ సుత ఆగలే," అనుకుంట వచ్చిండు.

ఆ తర్వాత దినాలు ఎట్ల పోయినయో చెప్తె నవ్వొస్తది ఇప్పుడు. అప్పుడు నవ్వు రాలే. పొద్దున తొమ్మిదింటికి ఆ నల్ల కిటికీల గదిల కూసుంటె బయట ఏమైతుందో తెల్వకపోతుండె. మానిటర్ మీద నాలుగు స్టార్లు నా మొకంల మొకం పెట్టి చూస్తుండె. ఒక దినం గోటితోని గీకి తీయబోయిన. అక్క చూసి, "ఏటే, ఏటైంది నీకు?" అన్నది. ఏం లేదన్న. సారు కుర్చీ టంగుమన్నది.

చెప్తె సర్టిఫికెట్ పోతది. మా ఇంటి మొత్తానికి ఉన్నది అదొక్కటే. చెప్పకపోతె తాతకు ఇచ్చిన మాట పోతది. ఎటు జరిగినా నాకు గోడనే తగులుతుండె.

ఒక పగటీలి మా నాయిన మార్కెట్ కాడికెళ్లి వచ్చి, కాళ్లు కడుక్కోని, ఫ్రేము దిక్కు చూసి, "అసలుది ఎప్పుడిస్తరంటివి?" అని అడిగిండు. ఆయన దినాం అడిగేదే. ఆ దినం నేను ఏడ్చిన. అంత చెప్పిన, మ్యాపు, ఆరో రూలు, తాత వేలు.

ఆయన బనీనుతోని మొకం తుడుసుకున్నడు. "నొక్కినవ్, పోయింది. మళ్ల నొక్కితె రాదా?"

"సేవ్ చేసినంక రాదు నాయినా."

"కాగితం మీద రాస్తె వస్తదా?"

ఆయనకు ఏం తెలిసి అడిగిండో, తెల్వకనే అడిగిండో. జనం మాట ఇనే మీటింగ్ ఒకటి పెడ్తరు ఆఫీసర్లు, అడవి దగ్గరి ఊర్లె. దానికి అభ్యంతరాలు కాగితం మీద రాసిస్తె తీసుకోవాలె. ఆ సంగతి నేను చదివిన రిపోర్టులనే ఉండె.

"రాస్తె వస్తదేమో," అన్న. "గానీ నా పేరు పెట్టాలె."

"పెట్టు. పేరు లేని కాగితం ఎవరు చూస్తరు? మేం బస్తాల మీద సుత పేరు రాస్తం."

అక్కకు చెప్పకుండ రాయ బుద్ధి కాలే. తెల్లారి కింద చాయ్ బండి కాడ చెప్పిన. ఆమె గ్లాసు పట్టుకోని నన్ను బండి పక్కకు గుంజింది. "నా కాగితాలు ఆ బీరువాలో నాలుగేళ్ల బట్టి ఉన్నాయి, తెలుసేటి? టీం లీడ్‌ని చేసినప్పుడు మళ్లీ రెండేళ్లకి సంతకం పెట్టించుకున్నారు. నువ్వు రాస్తే, తీసీమని చెప్పింది నానే అని తెల్లారేసరికి తేలిపోద్ది."

"నేనే తీసిన్నని రాస్తక్కా. నీ పేరు రాయ."

"మంచిదానివే." చాయ్ ఊదుకుంట తాగింది. పైకి పోదమని లేసిన్నో లేదో, చెయ్యి పట్టి ఆపింది. "ఒట్టినే గుడిసెలుండేవి అంటే ఎవడూ నమ్మడు. పాత షీటు నంబరు రాయాలి. గుర్తుందా?"

లేదన్న. లోపల రాసుకోనీకె పెన్ను ఉండదు. ఆమె ఆ నంబరు ఒక్కొక్క అక్షరం చెప్పింది. నాతోని మూడుసార్లు అనిపించింది, చిన్నపిల్లకు ఎక్కం చెప్పిచ్చినట్టు. "నేను చెప్పలేదు," అన్నది ఆఖరికి, మెట్లెక్కుకుంట.

ఒక పేజీ రాసిన. పాత షీటుల గుడిసెలున్నయి, నంబరు ఇది. రూలు ప్రకారం వాటిని తీసేసింది నేను. మ్యాపు మూలకు ఉన్న కోడ్ నాది. కింద పేరు, పేరు ఎనక బి.ఎ. మా నాయిన ఆ రెండు అక్షరాలు సుత పెట్టమన్నడు.

ఆ మీటింగ్‌కు పోనీకె నాకు సెలవియ్యలే. కాగితం చిన్నాయన తీసుకపోయిండు. సాయంత్రం ఎస్.టి.డి. బూతుకెళ్లి ఫోన్ చేసిండు. "నీ కాగితం మైకుల చదివిన్రు. ఆఫీసర్ రెండుసార్లు చదివించిండు. ఇగ మూడు పార్టీలోళ్లు, మా కాగితం అంటె మా కాగితమని కొట్టుకుంటున్నరు."

"తాత ఏమన్నడు?"

"ఒక జిరాక్స్ అడిగి తీసుకున్నడు. మడిచి రుమాల్ల పెట్టుకున్నడు."

వారంల ఆఫీసుల తెలిసిపోయింది. సారు ఒర్రలే. నన్ను పిలిచి, రెండేండ్లల్ల ఇంకా పదకొండు నెలలు ఉన్నయన్నడు. గంతే. నెట్‌వర్క్ లేని ఒక కంప్యూటర్ ముందట, మూలకు కూసోబెట్టిండు. పని ఇయ్యలే. తీసేస్తె కాగితాలు ఇయ్యాలె గద, అందుకని తియ్యలే. పొద్దున తొమ్మిదింటికెళ్లి సాయంత్రం ఆరింటి దాంక ఉత్తగ కూసునుడు. గోడకు మొకం. నిద్ర పోనియ్యరు. మాట్లాడనీకె ఎవరు రారు. బీరువా టంగు అన్నప్పుడల్ల నా కవరు లోపల ఎట్లున్నదో అనుకునేదాన్ని. మాదాపూర్ల ఒక కాడ ఇంటర్వ్యూ పాసైన సుత. పదిహేను దినాలల్ల ఒరిజినల్స్ చూపియ్యమన్నరు. పదహారో దినం ఆ ఉద్యోగం ఇంకెవరికో పోయింది.

చిన్నాయన ఉపాయం చెప్పిండు. "సర్టిఫికెట్ బస్సుల పోయిందని ఠాణాల రాసిద్దం. యూనివర్సిటోళ్లు ఇంకోటి ఇస్తరు."

"ఏడున్నదో తెలిసి పోయిందని ఎట్ల రాస్త చిన్నాయనా? మళ్ల అబద్ధమేనా?"

"గిసొంటి దానివి డిగ్రీ ఎందుకు చేసినవే," అన్నడు, కోపంగ కాదు. అదే నోటితోని, ఆ దినం అసెంబ్లీల మా అడవి మాట లేసిందని, నంబరు లేని గూడేల సంగతి అడిగిండ్రని చెప్పిండు. ఎవరు అడిగిండ్రంటె, ఈసారి వాళ్ల పార్టీ పేరు గట్టిగ చెప్పిండు.

గట్ల ఏడు నెలలు.

ఇయ్యాల పదకొండు గంటలకు సారు అందరినీ పిలిచిండు. "క్లయింట్ పని ఆపేసిండు. టీం బంద్," అన్నడు. ఎందుకో చెప్పలే. కుర్చీ జరిపిండు, బీరువా ఆఖరుసారి టంగుమన్నది. తాళం తీసి కవర్లు ఒక్కొక్కటి పేరు పిలుసుకుంట ఇచ్చిండు. పన్నెండు మందిమి. పక్క సీటు అతను కవరు తీసుకోని నా ముందు ఆగి, "ఖుషీనా ఇగ?" అని పోయిండు. ఆయన ఇంట్ల ఇద్దరు చిన్నపిల్లలున్నరు, నాకు తెలుసు.

కిందికి దిగి నేను, అక్క ఇరానీ హోటల్ల కూసున్నం. టీవీ నడుస్తుంది. కింద అక్షరాలు పోతున్నయి: అడవిల గని అర్జీ వెనక్కి. ఇద్దరం చూసినం. అవి ఒక చుట్టు తిరిగి మళ్ల వచ్చే దాంక చూసినం.

"వచ్చిందేటి నీ గూడెం?" అన్నది అక్క.

"వచ్చిందక్కా."

"నా కాగితాలూ వచ్చేయి. ఉద్యోగమే..." అని కవరు ఒళ్లె పెట్టుకోని, దాని మూలలు సాపు చేసుకుంట కూసున్నది. "ఇంటికెళ్లి మా ఆయనకి చెప్పాలి. నువ్వు సాయంత్రం ఫోన్ చెయ్యి."

మా నాయిన మార్కెట్ కాడికెళ్లి వచ్చి, చేతులు రెండుసార్లు సబ్బుతోని కడుక్కోని సర్టిఫికెట్ పట్టుకున్నడు. ముద్రను చానా సేపు చూసిండు. స్టూల్ ఎక్కి ఫ్రేము దించబోయి ఆగిండు. "జిరాక్సే ఉండనియ్యి. అసలుది నీ కాడ పెట్టుకో. రేపు ఉద్యోగానికి పోవాలె గద. మళ్ల ఎవరికన్న ఇచ్చేవు."

"ఇయ్య."

స్టూల్ దిగి, తలుపు కాడున్న కుర్చీని గోడ దగ్గరికి, ఫ్రేము కిందికి జరిపిండు. ఎవరన్న రానియ్యి, ఎంత దగ్గరికెళ్లి చూసినా చూడనియ్యి అన్నట్టు.

ఇగ ఫోన్లు మిగిలినయి. ఎవరెవరికి చెయ్యాల్నో లిస్టు రాసుకుంటున్న.

చిన్నాయన. ఆయనకు తెలిసే ఉంటది, ఊరేగింపుల ఉండొచ్చు, ఎత్తడు. అయినా చెయ్యాలె.

మా మేనత్త. ఆ ఫ్రేముల తొంగి చూసి మొకం కనవడ్తలేదన్నది ఆమెనే.

నాకు డిగ్రీల మ్యాపులు చెప్పిన మేడం. లిస్టుల లేనిది లేదని ఆమె చెప్పలే, అది నేను బయట నేర్చుకున్న.

మాదాపూర్ ఆఫీసు. ఒరిజినల్స్ ఉన్నయని, ఇంకోసారి పిలుస్తరా అని.

పక్క సీటు అతను. నంబరు ఉంది. ఏమనాల్నో ఆ మాట లేదు.

తాత. ఆయనకు ఫోన్ లేదు. అడవి చెక్‌పోస్టు కాడి చాయ్ దుకాణం నంబరు చిన్నాయన ఇచ్చిండు. కబురు పంపి పిలుస్తరట, లైను మీద ఆగమంటరట. ఎంత సేపైనా ఆగుత. ఎవరు తీసేసిండ్రో అడిగి చెప్తనన్న గద. కాగితంల రాసిన, నోటితోని చెప్పలే.

అక్క. లిస్టుల మొట్టమొదలు ఆమెనే రాసి, సాయంత్రం చెయ్యమన్నది గద అని కొట్టేసి, ఇక్కడ ఆఖరుకు మళ్ల రాసిన. సాయంత్రమైంది.